యూరప్ కారు ఉన్నవాళ్ళు, ఉండి వదిలించుకున్నవాళ్ళు ఇటు రండి

గోదారి గేరు (రాజమండ్రి):
అందరికీ నమస్కారం. సూటిగా విషయానికి వస్తా. ఒక యూరప్ కంపెనీ సెడాన్, పెట్రోల్ ఆటోమేటిక్, పదేళ్ళ వయసు, ఒకే ఓనరు. కొత్తప్పుడు అందరూ తలతిప్పి చూసిన బండి, ఇప్పుడు పాత స్విఫ్ట్ రేటుకు ఇస్తానంటున్నాడు. నడిపి చూశాను, మనసు పారేసుకున్నాను. ఇంట్లో నాన్నగారు, ఆఫీసులో కొలీగ్స్, ఆఖరికి పక్కింటాయన కూడా ఒకటే మాట: ఏనుగును కొనడం తేలికే, మేపడమే కష్టం అని. వీళ్ళలో ఒక్కరికీ అలాంటి కారు లేదు! ఉన్నవాళ్ళు చెప్పండి. భయపెట్టినా పర్లేదు, కానీ ఏం పాడైంది, ఎందుకు పాడైంది, ఎలా బాగైంది, అది రాయండి. పాత జ్ఞాపకాలైనా సరే.

నిర్వాహకుడు:
ముందే ఒక మాట. పోయినసారి ఇలాంటి చర్చ షోరూముల పేర్లు పెట్టి తిట్టుకోవడంలోకి దిగి, మూసేయాల్సి వచ్చింది. మీ సొంత బండి కష్టాలు రాసేటప్పుడు కంపెనీ పేరూ సర్వీస్ సెంటర్ పేరూ వద్దు. పేపర్లలో వచ్చి లోకమంతా తెలిసిన చరిత్ర అయితే పేరుతో రాసుకోండి.

పాత పద్మిని (తెనాలి):
గేరు గారూ, యూరప్ కారు అనగానే అందరూ జర్మనీ వైపు చూస్తారు. మన ఊళ్ళలో డాక్టర్లూ ప్లీడర్లూ దశాబ్దాలపాటు తిరిగింది ఇటలీ కార్లోనే కదా. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు కట్టిన ఫియట్ 1100. 1964లో డిలైట్ అన్నారు, తర్వాత ప్రెసిడెంట్ అన్నారు, 1974లో పద్మిని అన్నారు. వాళ్ళు ఏ పేరు పెట్టినా జనానికి అది ఫియట్టే. అంబాసిడర్ సంగతి చూస్తే అది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మూడో సిరీస్. అంటే మన పెద్దలు ఏళ్ళ తరబడి నడిపినవన్నీ యూరప్ బళ్ళే. అప్పుడెవరూ ఏనుగుల గురించి మాట్లాడలేదు.

పద్మిని గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీ, కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు, ఒళ్ళో ఒక పిల్లవాడు. మే నెలలో తెనాలి నుంచి గుంటూరు వెళ్ళాలంటే డిక్కీలో ఒక పాత బనీనూ నీళ్ళ సీసా తప్పనిసరి. ఇంజిన్ వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి ఆగేది. కార్బురేటర్ కాలం బళ్ళన్నిటికీ ఉన్న జబ్బే అది. నాన్నగారు బానెట్ ఎత్తి, పంపు మీద తడి బనీను చుట్టి, పొగాకు బేరన్ల దగ్గర నీడ చూసుకుని నిలబడేవారు. బనీను ఆరేలోపు బండి స్టార్టయ్యేది. దాన్ని రిపేరు కింద మా ఇంట్లో ఎవరూ లెక్కేయలేదు.

హెరాల్డ్ మావయ్య (నెల్లూరు):
పద్మిని గురించి చెప్పి హెరాల్డ్‌ను వదిలేస్తే ఎలాగండీ. మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు 1961 నుంచి తయారుచేశారు. అసలు బండి ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్, గీసినాయన ఇటలీ డిజైనర్ మికెలొట్టి. మద్రాసు మాకు పక్కనే కాబట్టి నెల్లూరులో బాగానే కనిపించేవి. దాని గొప్పంతా బానెట్‌లో ఉంది. మడ్‌గార్డులూ హెడ్‌లైట్లతో సహా ముందు భాగం మొత్తం ముందుకు వాలిపోతుంది. మెకానిక్కు టైరు మీద కూర్చుని, కాఫీ పక్కన పెట్టుకుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. ఇప్పటి బళ్ళలో హెడ్‌లైట్ బల్బు మార్చాలంటే బంపరు విప్పాలంటున్నారు. చెయ్యి పట్టే చోటే లేకుండా కట్టిన ఈ తెలివికి దండం పెట్టాలి.

తిక్క కూడా ఉండేది. వెనక స్వింగ్ యాక్సిల్. మలుపులో జోరుగా దూరి, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం లోపలికి మడుచుకుని బండి తోక విసిరేది. 1972లో గెజెల్ వచ్చేసరికి దాన్ని తీసేసి మామూలు యాక్సిల్ వేశారు. ఇక 1985లో అదే కంపెనీ స్టాండర్డ్ 2000 అని తెచ్చింది. ఒళ్ళు రోవర్ ఎస్‌డీ1ది, లోపల మాత్రం పాత వాన్‌గార్డ్ కాలం నాటి 2 లీటర్ల ఇంజిన్. ఇంగ్లండులో అదే బాడీలో 3.5 లీటర్ల వీ8 ఉండేది! ఖరీదెక్కువ, తాగుడెక్కువ, పరుగు తక్కువ. మూడేళ్ళు తిరిగేసరికి కార్ల తయారీకే తెర పడింది.

జపాన్ జిందాబాద్ (హైదరాబాద్):
ఇవన్నీ మ్యూజియం ముచ్చట్లు, వినడానికి మస్తుగుంటాయి. గేరు అన్నా, నువ్వు అడిగింది కొనాలా వద్దా అని. వద్దు. నా జపాన్ కారుకు లక్ష దాటినా ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు తప్ప ఏమీ మార్చలేదు. కారు పొద్దున స్టార్ట్ కావాలి, సాయంత్రం ఇంటికి తేవాలి. దానితో ప్రేమ కథలెందుకు?

కడప స్టీరింగ్:
జిందాబాద్ అన్నా, నీకు కథ చెప్తా విను. పేరు చెప్పను, బొమ్మ గీసినా నిర్వాహకుడు ఒప్పుకోడు. మా ఇంట్లో దాని పేరు అల్లుడుగారు. ఎందుకంటే వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టి పంపాల్సిందే, లేకుంటే అలక.

ఒకనాటి రాత్రి ఇంటి ముందు నిలబెట్టిన బండికి నాలుగు అద్దాలూ వాటంతట అవే దిగిపోయినాయి. తాళం వేసి ఎత్తినా, తెల్లారేసరికి మళ్ళీ కిందికి. అది కూడా వాన పడిన రోజుల్లోనే. మా అమ్మ దిష్టి తీయించింది. ఒక షెడ్డులో విండో మోటార్లన్నీ మార్చాలన్నారు, ఇంకొక చోట వైరింగంతా పీకాలన్నారు. చివరికి ప్రొద్దుటూరులో ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ ఏ మిషనూ తగిలించకుండానే డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తి కార్పెట్ మీద అరచేయి పెట్టి నొక్కినాడు. వేళ్ళ సందుల్లో నీళ్ళు! కింద స్పాంజి ఎంత మందముంటదో అంత మందానా నీళ్ళు పీల్చుకోనుంది. అద్దాలనూ డోర్ లాకులనూ నడిపించే కంట్రోల్ పెట్టె ఆ కార్పెట్ కిందే ఉంది. దాని పిన్నులకు పచ్చగా చిలుం పట్టింది.

నీళ్ళు ఎక్కడినించి వచ్చినాయంటే, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర నీళ్ళు పోయే రంధ్రం ఉంటది. మా ఇంటి ముందు వేపచెట్టు. ఆకులూ పూతా పడి ఆ రంధ్రం మూసుకుపోయింది. వాన నీళ్ళకు కిందికి దారి లేక క్యాబిన్‌లోకి దారి వెతుక్కున్నాయి. ఆ పిల్లోడు ఒక సైకిల్ స్పోకు పెట్టి రంధ్రం పొడిచినాడు, పెట్టెను స్పిరిటుతో కడిగి ఆరబెట్టినాడు, అంతే. వాడు అడిగిన డబ్బుకు రెండు బిర్యానీలు రావు. ఆ తర్వాత అల్లుడుగారు అద్దాల విషయంలో మర్యాదగా ఉన్నారు. మిగతా అలకలు వేరే సంగతి.

ఆటోనగర్ అబ్బాయి (విజయవాడ):
నేను ఈ బళ్ళు అమ్మేవాణ్ణి కాదు, కొనేవాణ్ణి కాదు, విప్పేవాణ్ణి. కడప అన్న చెప్పినదాంట్లోనే సగం జవాబుంది. యూరప్ బండి చెడిపోతే చాలాసార్లు పార్టు మార్చడం కన్నా కారణం పట్టుకోవడం కష్టం. కారణం పట్టుకోలేనివాడు పార్టులు మారుస్తాడు. బిల్లు అక్కడ పెరుగుతుంది.

మన దగ్గర వీటిని చంపేవి రెండు. ఒకటి, నీళ్ళు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, తగ్గిందని పెట్రోల్ బంకులో బోరు నీళ్ళు పోయిస్తారు. ఆ ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. థర్మోస్టాట్ హౌసింగ్, పైపు కలిసే మూతులు ప్లాస్టిక్‌వి. పదేళ్ళు మన ఎండలో ఉడికాక గోరుతో గీకితే పొడి రాలుతుంది. ఒకరోజు హైవే మీద అది పగులుతుంది, ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంది, ఓనరు ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అని లాగిస్తాడు. ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, వంగిపోతుంది. 2 వేల పార్టు 80 వేల పని అవుతుంది. రెండోది, చవక ఆయిల్. కంపెనీ మాన్యువల్‌లో ఒక స్పెసిఫికేషన్ నంబరు రాసి ఉంటుంది. డబ్బా మీద గ్రేడ్ కలిసినంత మాత్రాన చాలదు, ఆ నంబరు కూడా ఉండాలి. టర్బో బండికి ఈ విషయంలో మొహమాటం లేదు.

గేరు అన్నా, నువ్వు చూసింది ఏడు గేర్ల డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే డీక్యూ200 అని వెతుకు. లోపల రెండు పొడి క్లచ్‌లు. ఒకటి 1, 3, 5, 7 గేర్లు చూసుకుంటుంది, రెండోది 2, 4, 6తో పాటు రివర్సు. హైవే మీద అద్భుతం. బెంజి సర్కిల్ దగ్గర అంగుళం అంగుళం కదిలేటప్పుడు క్లచ్ రాసుకుంటూ వేడెక్కుతుంది. క్లచ్‌ల కన్నా పెద్ద తలనొప్పి మెకాట్రానిక్ యూనిట్, అంటే గేర్లనూ క్లచ్‌లనూ నడిపించే కంట్రోల్ పెట్టె. 2013లో చైనాలో 3 లక్షల 80 వేలకు పైగా బళ్ళు వెనక్కి పిలిచారు. అదే ఏడాది నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతా కలిపి 16 లక్షల బళ్ళలో సింథటిక్ గేర్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయాలని ప్రకటించింది. వేడీ తేమా ఎక్కువున్న చోట ఆ సింథటిక్ ఆయిల్ వల్ల కరెంటు షార్ట్ కావచ్చని తేలింది. వేడీ తేమా అంటే ఇంకెక్కడ, మన కోస్తానే!

వైదేహి (హైదరాబాద్):
అబ్బాయి గారూ, ఉపయోగపడే పోస్ట్, థ్యాంక్స్. నేను మా వారి యూరప్ హ్యాచ్‌బ్యాక్ నడుపుతాను, మా నాన్నగారి కొరియా కారూ నడుపుతాను. మొదటిదాంట్లో ఇండికేటర్ ఎడమ చేతికి, రెండోదాంట్లో కుడి చేతికి. ఆదివారం నాన్నగారి కారు నడిపి, సోమవారం మాది ఎక్కానంటే చాలు, మలుపు రాగానే చుక్క వాన లేని రోడ్డు మీద వైపర్లు కిర్రుమంటాయి. వెనకవాడు హారన్ కొడతాడు, పక్కనున్న మా అబ్బాయి నవ్వుతాడు. ఇంకొకటి, బానెట్ తెరిచే లివర్ ఎడమవైపు ప్యాసింజరు కాళ్ళ దగ్గర. స్టీరింగ్‌ను కుడికి మార్చినవాళ్ళు దాన్ని మార్చడానికి బద్ధకించారు.

అయినా ఓఆర్‌ఆర్ మీద ఆ బండి నిలకడే వేరు. గాలి తోసినా పక్కకు జరగదు. తలుపు వేస్తే వచ్చే ఆ శబ్దం కోసం మా అబ్బాయి అనవసరంగా రెండోసారి తీసి వేస్తాడు.

జపాన్ జిందాబాద్ (హైదరాబాద్):
తలుపు శబ్దం కోసం ఈఎంఐ కట్టుడా అక్కా? :)

వైదేహి (హైదరాబాద్):
మీ తలుపు వేస్తే ఏ శబ్దం వస్తుందో ఒక ఆడియో పెట్టండి బ్రదర్, తర్వాత మాట్లాడుకుందాం.

ఇటలీ ఇంజను (వరంగల్):
జిందాబాద్ అన్నా, జపాన్ బ్యాడ్జి అని మురిసిపోకు. 2007లో వచ్చిన డీజిల్ స్విఫ్ట్ లోపల ఉన్నదేంది? ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. టాటా విస్టాలో క్వాడ్రాజెట్ అన్నరు, మారుతిలో డీడీఐఎస్ అన్నరు, ఇంజన్ ఒక్కటే. దేశమంతా దాన్ని నేషనల్ ఇంజన్ అని పిలిచింది. ఊరూరా ట్యాక్సీలు లక్షల కిలోమీటర్లు తిప్పినయి. అదే ఇంజన్ పుంటోలో, లీనియాలో ఉంటే మాత్రం ‘అమ్మో ఫియటా’ అన్నరు. ఇంజన్‌ను నమ్మిన జనం దాన్ని కన్న కంపెనీని నమ్మలేదు. తేడా ఎక్కడుంది? స్విఫ్ట్ పార్టు మండలంలో దొరుకుతది, మెకానిక్కు వీధిలో ఉంటడు. ఫియట్‌కు కొన్నేండ్లు సొంత షోరూములే లేవు, టాటా షోరూముల్లో అమ్మిన్రు. 2012లో విడిపోయిన్రు, 2019కల్లా బ్రాండే దేశం విడిచిపోయింది.

ప్యుజో కథా ఇంతే. 1994లో ప్రీమియర్‌తో కలిసి కల్యాణ్‌లో 309 చేసిన్రు. కార్మికుల గొడవలు, డీలర్ల గొడవలు, 1997లో ప్యుజో సామాన్లు సర్దుకుంది. కొన్నవాళ్ళు దిక్కు లేనోళ్ళయిన్రు. కానీ దాని 1.5 డీజిల్ ఇంజన్, టీయూడీ5, తర్వాత మారుతి జెన్ డీజిల్‌లో, ఎస్టీమ్ డీజిల్‌లో వచ్చింది. తెలివైన మెకానిక్కులు మారుతి పార్టులతోనే 309లను బతికించిన్రు. నా లెక్క ప్రకారం నమ్మకమైన కారు అంటే పార్టు దొరికే కారు, అంతే.

ఆటోనగర్ అబ్బాయి (విజయవాడ):
సగం ఒప్పుకుంటా అన్నా. మిగతా సగం డిజైన్ తప్పే. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ చూడు. టైమింగ్ చెయిన్ (వాల్వులను సరైన సమయానికి నడిపే గొలుసు) ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. చెయిన్ మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దింపాలి. పార్టు పక్క వీధిలో దొరికినా లేబర్ తగ్గదుగా.

లెస్టర్ రామం (ఇంగ్లండ్):
అబ్బాయి గారు చెప్పింది నిజం. ఇక్కడ పార్టులకు కొదవ లేదు, ఆన్‌లైన్‌లో నంబరు కొడితే రేపటికి గుమ్మంలో ఉంటుంది. అయినా తలనొప్పులు తలనొప్పులే. రోవర్ కే సిరీస్ ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) అంటే ఇప్పటికీ ఇక్కడి ముసలాళ్ళు నవ్వుతారు. తేలికైన మంచి ఇంజిన్, కానీ లోపల కూలెంట్ తక్కువ, కాస్త కారినా గ్యాస్కెట్ పోయేది. ఆ కంపెనీ చివరి రోజుల్లో ఏం చేసిందో తెలుసా? మన ఇండికాను పూణే నుంచి తెప్పించి, 2003లో సిటీరోవర్ అని పేరు పెట్టి అమ్మింది. 2005 ఏప్రిల్‌లో కంపెనీ మూతపడింది. మూడేళ్ళకు టాటా వాళ్ళే వచ్చి జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌ను కొన్నారు. మా పక్కింటి తెల్ల ముసలాయనకు ఈ కథ చెప్తే టీ ఆపేసి విన్నాడు.

ఇప్పటి సంగతి కావాలంటే ప్యుజో, సిట్రోయెన్ కార్లలోని 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజిన్. టైమింగ్ బెల్టు ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. బెల్టు అరిగి రాలిన ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. 2024లో కంపెనీ దీనికి పదేళ్ళ దాకా వారంటీ పొడిగించాల్సి వచ్చింది. రబ్బరును నూనెలో నానబెట్టిన మహానుభావుడెవరో గానీ నాకు కనిపిస్తే ఒక ప్రశ్న అడగాలి.

మా ఆవిడ కారుకు (పేరు వద్దు) తాళం చెవి బదులు కార్డు. సూపర్ మార్కెట్ దగ్గర, వాన, వెనక సీట్లో పాప ఏడుపు, కార్డు దొరకలేదని స్క్రీన్ మీద రాత. కార్డు చేతిలోనే ఉంది! రికవరీ వ్యాన్ వాడొచ్చి అలవాటుగా స్టార్ట్ చేసి వెళ్ళాడు. ఆ మోడల్‌కు మామూలే అట.

సాక్సనీ శ్రీను (డ్రెస్డెన్, జర్మనీ):
మీరంతా ఎలక్ట్రానిక్స్ గురించి ఏడుస్తున్నారు. ఏ ఎలక్ట్రానిక్సూ లేని కారు నేను నడిపాను, ట్రాబాంట్. తూర్పు జర్మనీ వాళ్ళది, మాకు దగ్గర్లోనే త్స్వికావు ఊళ్ళో 1957 నుంచి 1991 దాకా సుమారు 30 లక్షలు తయారయ్యాయి. డ్రెస్డెన్‌లో టూరిస్టులకు నడపడానికి ఇస్తారు. టూ స్ట్రోక్ ఇంజిన్, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. పాత స్కూటర్ల రోజులు గుర్తున్నవాళ్ళకు ఆ నీలం పొగ వాసనకే కళ్ళు చెమరుస్తాయి. బయటి రేకు రేకు కాదు, దూదీ రెసిన్ కలిపి ఒత్తిన డ్యూరోప్లాస్ట్. తుప్పు పట్టదు. పెట్రోల్ ట్యాంకు బానెట్ కింద ఇంజిన్ పైనే, పెట్రోలు తనంతట తానే కిందికి దిగుతుంది, పంపుతో పని లేదు. పెట్రోలు ఎంతుందో చూడాలంటే మూత తీసి పుల్ల ముంచాలి. జనం దీని కోసం పదేళ్ళకు పైగా క్యూలో ఉండేవాళ్ళట. ఇప్పుడు అదే త్స్వికావులో ఫోక్స్‌వ్యాగన్ ఎలక్ట్రిక్ కార్లు చేస్తోంది.

ఉక్కునగరం (విశాఖ):
ఫోక్స్‌వ్యాగన్ పేరు వచ్చింది కాబట్టి మా ఊరి గాయం ఒకటి గెలుకుతాను. 2005లో ఆ ఫ్యాక్టరీ విశాఖకు వస్తోందని పేపర్లు హోరెత్తించాయి. వశిష్ఠ వాహన్ అనే కంపెనీకి రాష్ట్ర ప్రభుత్వం 11 కోట్ల దాకా కట్టింది. తీరా చూస్తే ఆ కంపెనీతో మాకు సంబంధం లేదని ఫోక్స్‌వ్యాగన్ చెప్పింది, సీబీఐ కేసయింది. ఫ్యాక్టరీ మహారాష్ట్రలోని చాకన్‌లో పడింది. కొందరికి కారు కొన్నాక మోసం జరుగుతుంది, మాకు ఫ్యాక్టరీ కట్టకముందే జరిగింది.

గోదారి గేరు (రాజమండ్రి):
అందరికీ థ్యాంక్స్. నిన్న మళ్ళీ వెళ్ళి చూశాను. అది ఏడు గేర్ల డీఎస్‌జీయే. కడప అన్న చెప్పినట్టు కార్పెట్ నొక్కి చూశా, పొడిగా ఉంది. (ఓనరు నన్ను వింతగా చూశాడు.) ఇంజిన్ మాత్రం నేను వెళ్ళేసరికే స్టార్ట్ చేసి ఉంచాడు. సర్వీసు బిల్లులు ఆరేళ్ళవరకు ఉన్నాయి, తర్వాత బయట చేయించానంటున్నాడు. ఆ బయటి బిల్లులు లేవు. ఏసీ చల్లగా ఉంది. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంది, ‘అది ఈ బళ్ళకు మామూలే’ అన్నాడు.

జపాన్ జిందాబాద్ (హైదరాబాద్):
అన్నా, ‘మామూలే’ అన్నోని దగ్గర కొనకు. జపాన్ అయినా, జర్మనీ అయినా.

కడప స్టీరింగ్:
మొదటిసారి జిందాబాద్ అన్నతో ఏకీభవిస్తున్నా. గేరు తమ్ముడూ, కావాలంటే మా అల్లుడుగారిని ఇస్తా తీసుకపో, కట్నం కూడా వద్దు.

ఆటోనగర్ అబ్బాయి (విజయవాడ):
గేరు అన్నా, ముందే వేడి చేసి ఉంచిన ఇంజిన్‌ను నమ్మకు. రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున నీ ఎదురుగా మొదటిసారి స్టార్ట్ చేయించు. చెయిన్ చప్పుడు, పొగ, ఏదున్నా ఆ మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. కాస్త ఎత్తున్న చోట రివర్సులో మెల్లగా ఎక్కించు, వణికితే క్లచ్ అయిపోవచ్చినట్టే. కూలెంట్ డబ్బా మూత తీసి రంగు చూడు. గులాబీ రంగులో ఉంటే సంతోషం. తుప్పు రంగో, ఉత్త నీళ్ళో కనిపిస్తే అక్కడితో బేరం ఆపు. గేర్ ఆయిల్ మార్పిడి జరిగిందో లేదో చాసిస్ నంబరు ఇచ్చి అధీకృత సర్వీస్‌లో కనుక్కో.

ఇవన్నీ దాటితే, క్లచ్ సెట్టుకూ మెకాట్రానిక్‌కూ అయ్యే డబ్బు అతను చెప్పిన రేటులోంచి తీసేసి అడుగు. ఒప్పుకుంటే బుధవారం తీసుకురా, స్కానర్ పెట్టి చూద్దాం. సోమవారం ఆటోనగర్‌లో నిలబడటానికి చోటుండదు. ట్రాలీ మీద తేవద్దు, నడుపుకుంటూ రా. ఏలూరు దాటేసరికి ఆ బండి సంగతి సగం నీకే తెలుస్తుంది.